చావును చిత్రించిన మాయా డెరెన్

చచ్చిపోయాక ఏమవుతుందన్న ప్రశ్న మన సినిమాలకు కొత్తేమీ కాదు. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారి "మూగమనసులు" వచ్చిన దగ్గర్నుంచీ గోదావరి మీద పడవ కనిపిస్తే చాలు, పూర్వజన్మ గుర్తుకొచ్చే అలవాటు తెలుగువాళ్ళకి పట్టుకుంది. అయితే అక్కడ పునర్జన్మ అంటే ఒక కథ. ప్రేమించినవాళ్ళు పోతారు, మళ్ళీ పుడతారు, ఈసారి పెళ్ళవుతుంది, మనం కళ్ళు తుడుచుకుని ఇంటికొస్తాం. కథ లేకుండా, మాటల్లేకుండా, పట్టుమని పావుగంటలో చావునీ దాని అవతలి గట్టునీ తెర మీద చూపించాలని పూనుకున్న మనిషి ఒకావిడ ఉండేది. పేరు మాయా డెరెన్. 44 ఏళ్ళు బతికి 1961లో పోయింది. పూర్తిచేసిన సినిమాలు ఆరంటే ఆరు. అన్నీ కలిపినా గంటన్నర ఉండవు. అయినా ప్రపంచంలో ప్రయోగాత్మక చిత్రాల గురించి ఎవరు మాట్లాడినా ఈవిడ దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు.

రష్యాలో విప్లవం వచ్చిన 1917లోనే కీవ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. ఇటలీ రంగస్థల నటి ఎలియనోరా డ్యూజ్ మీద అభిమానంతో తల్లి ఆ పేరే పెట్టింది. తండ్రి మానసిక వైద్యుడు. యూదుల మీద ఊచకోతలు జరుగుతున్న రోజులవి. 1922లో ఇల్లూ వాకిలీ వదిలి అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ చేరారు. డెరెన్‌కోవ్‌స్కీ అన్న పొడుగాటి ఇంటిపేరు అక్కడ డెరెన్‌గా కురచైపోయింది. పిల్లని కొన్నాళ్ళు జెనీవాలో నానాజాతి సమితి వారి అంతర్జాతీయ పాఠశాలలో చదివించారు.

మన సంఘం సంచికలో రాస్తున్నాను కాబట్టి ఇక్కడొక ముక్క చెప్పి తీరాలి. ఈవిడ మొదట సినిమా మనిషి కాదు, విద్యార్థి ఉద్యమాల మనిషి. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం, రాజనీతిశాస్త్రం చదువుతూ యువజన సోషలిస్టు లీగులో దూకింది. 18 ఏళ్ళకే తోటి కార్యకర్త గ్రెగరీ బార్డకీని పెళ్ళాడింది. న్యూయార్క్‌కి మకాం మార్చి ఆ లీగుకి జాతీయ విద్యార్థి కార్యదర్శిగా పనిచేసింది. ఉపన్యాసాలు, కరపత్రాలు, తెల్లవార్లూ వాదనలు. ఆ పెళ్ళి నిలవలేదు, 1939లో విడాకులయ్యాయి. ఆ ఏడాదే స్మిత్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్.ఏ. పూర్తిచేసింది. కవిత్వం రాసేది గానీ తన తలలో ఉన్నది బొమ్మలు, మాటలు కావు అన్న అసంతృప్తి ఆవిడని తొలుస్తూ ఉండేది.

మలుపు తిప్పింది కాథరిన్ డన్‌హామ్. ఆవిడ నల్లజాతి నర్తకి, పైగా మానవశాస్త్రం చదివి 1930లలో హైతీ వెళ్ళి అక్కడి నాట్యాలమీద పరిశోధన చేసినావిడ. 1941లో డెరెన్ ఆవిడ దగ్గర కార్యదర్శిగా చేరి నాట్యబృందంతో దేశమంతా తిరిగింది. నాట్యంలో దేవుడు పూనడం గురించి ఒక వ్యాసం కూడా రాసింది. అప్పటికి హైతీ చూసింది లేదు. ఆ తిరుగుళ్ళలోనే లాస్ ఏంజిలిస్‌లో అలెగ్జాండర్ హమ్మిద్ పరిచయమయ్యాడు. చెకొస్లొవేకియా నుంచి హిట్లర్ దెబ్బకి పారిపోయి వచ్చిన ఛాయాగ్రాహకుడు. 1942లో పెళ్ళి చేసుకున్నారు. ఎలియనోరా అన్న పేరు తీసేసి మాయ అని కొత్తపేరు పెట్టుకున్నది ఈ కాలంలోనే. బుద్ధుడి తల్లి పేరు మాయ. గ్రీకు పురాణంలో హెర్మిస్ తల్లి పేరూ దాదాపు అదే. ఇక మన సంస్కృతంలో ఆ మాటకి అర్థం ఎవరికీ చెప్పనక్కర్లేదు. వెండితెర మీద వెలుగునీడలతో బతకబోయే మనిషికి అంతకంటే సరిపోయే పేరు దొరకదు.

1943లో తండ్రి పోయాడు. ఆయన వదిలిన డబ్బులో కొంత పెట్టి వాడిన బోలెక్స్ కెమేరా ఒకటి కొంది. 16 మిల్లీమీటర్ల ఫిల్ము, చేత్తో కీ ఇచ్చి తిప్పేది. ఒకసారి కీ ఇస్తే అరనిమిషం లోపే ఆగిపోతుంది. దానితో భార్యాభర్తలిద్దరూ తమ ఇంట్లోనే, తామే నటించి, పద్నాలుగు నిమిషాల చిత్రం తీశారు. అదే "మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్". మధ్యాహ్నపు వలలు అనుకోవచ్చు. ఖర్చు మూడు వందల డాలర్ల లోపే అంటారు. ఇప్పటికి నాలుగైదుసార్లు చూశాను, అందులో రెండుసార్లు హాస్టలు గదిలో కరెంటు పోతూ వస్తూ ఉండగా.

ఒకామె దారిలో పడిఉన్న పువ్వు తీసుకుని ఇంటికొస్తుంది. తాళంచెవి చేతిలోంచి జారి మెట్లమీద దొర్లిపోతుంది. లోపల రొట్టెలో దిగిన కత్తి, మెట్లమీద ఎత్తిపెట్టిన ఫోను, తిరుగుతూనే ఉన్న గ్రామఫోను. ఆమె కుర్చీలో వాలి నిద్రపోతుంది. అక్కణ్ణుంచి కల. నల్లముసుగు వేసుకుని, పువ్వు పట్టుకుని ఎవరో నడిచిపోతూ ఉంటారు. ఈమె వెంటపడుతుంది, అందదు. ఆ ఆకారం ఇటు తిరిగినప్పుడు చూస్తే ముఖం ఉండవలసినచోట అద్దం! అంటే చావు ముఖంలోకి చూస్తే కనిపించేది మన ముఖమే అన్నమాట. అదే రాక, అదే పరుగు, అవే మెట్లు మళ్ళీ మళ్ళీ జరుగుతాయి. జరిగిన ప్రతిసారీ ఆమె ఒకరు ఎక్కువవుతుంది. చివరికి ముగ్గురు "ఆమె"లు బల్లచుట్టూ కూర్చుని తాళంచెవిని వంతులవారీగా తీస్తారు. మూడో ఆమె అరచేతిలో అది కత్తి అవుతుంది. నిద్రపోతున్న ఆమెను పొడవడానికి లేచి అడుగులు వేస్తుంది. ఆ అడుగులు చూడాలి! ఒక అడుగు సముద్రపు ఇసుకలో, ఒకటి గడ్డినేలలో, ఒకటి సిమెంటుమీద, ఒకటి గదిలో తివాచీమీద. కుర్చీదాకా ఉన్న నాలుగు గజాలు దాటడానికి సృష్టి మొదలైనప్పటి నుంచీ నడిచినంత దూరం పట్టింది. ఏ ట్రిక్కూ లేదు, వేరువేరు చోట్ల తీసిన అడుగుల్ని వరసగా అతికించింది, అంతే. చివర్లో భర్త ఇంటికొచ్చి తలుపు తీస్తే కుర్చీలో ఆమె చచ్చిపడి ఉంటుంది. ఒంటిమీద పగిలిన అద్దం ముక్కలు, సముద్రపు నాచు. కలలో చచ్చిన చావు మెలకువలోకి వచ్చేసింది.

ఈ చిత్రం ఎవరిదన్న వాదన ఉంది. కెమేరా పనితనం హమ్మిద్‌ది, పేరు మాత్రం డెరెన్‌కి వచ్చిందని కొందరంటారు. పేర్లు ఇద్దరివీ వేసుకున్నారు కాబట్టి నాకు ఇందులో తగువు కనపడదు. పైగా ఆ తర్వాత హమ్మిద్ లేకుండా తీసిన వాటిల్లో కూడా అదే సముద్రం, అదే నడక, అదే పట్టుదల.

1944లో "ఎట్ లాండ్". అలలు వెనక్కి నడుస్తూ ఒక స్త్రీని ఒడ్డున పడేస్తాయి. ఆమె ఎండుదుంగ పట్టుకుని పైకి పాకి, తల ఎత్తేసరికి విందు జరుగుతున్న బల్లమీద ఉంటుంది. బల్లచుట్టూ పెద్దమనుషులు కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు, ఒక్కరికీ ఆమె కనపడదు. పుట్టడం అంటే ఇదేనేమో అనిపించింది నాకు. చచ్చినవాళ్ళ ఆత్మ ఇంటికొస్తే కూడా ఇలాగే ఉంటుంది కాబోలు. 1945లో తీసిన చిన్న నాట్యచిత్రంలో నర్తకుడు అడవిలో ఎత్తిన కాలు గదిలో దిగుతుంది.

అన్నిటికంటే మన ప్రశ్నకి దగ్గరగా వచ్చింది 1946 నాటి "రిచువల్ ఇన్ ట్రాన్స్‌ఫిగర్డ్ టైమ్". ఇందులో నాయిక ఒకరు కాదు. డెరెనూ, రీటా క్రిస్టియానీ అనే నల్లజాతి నర్తకీ ఒకే మనిషిగా మారుతూ వస్తారు. ఒకరు మొదలుపెట్టిన కదలిక ఇంకొకరు ముగిస్తారు. నల్లబట్టల వితంతువు ఒక విందులోకి వస్తుంది. అందరూ పలకరించుకునే తీరూ, చేతులు చాచే తీరూ పదేపదే తిరిగి వచ్చి అదే ఒక నాట్యం అయిపోతుంది. తర్వాత తోటలో శిలలా నిలబడిన పురుషుడు ప్రాణం వచ్చి తరుముతాడు. ఆమె పరుగెత్తి పరుగెత్తి సముద్రంలోకి దిగిపోతుంది. ఆ క్షణంలో బొమ్మ నెగెటివ్‌కి మారుతుంది. నలుపంతా తెలుపు. నీళ్ళలో మునిగిపోతున్న వితంతువు ఒంటిమీద ఇప్పుడు పెళ్ళికూతురి తెల్లబట్టలు! క్రైస్తవ దేశాల్లో వితంతువుకి నలుపు, వధువుకి తెలుపు. మనకు తెల్లచీర వితంతువుది కాబట్టి మొదటిసారి నాకు తిరకాసుగా తోచింది. రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్‌లో లిట్మస్ రంగు మారడం చూసి సంబరపడే మనం, ఒక్క ప్రింటింగు మార్పుతో చావు జననంగా మారడం చూసి ఎంత సంబరపడాలి!

ఇలాంటి బొమ్మలు ఏ థియేటరువాడు వేస్తాడు? ఎవడూ వేయడు. 1946 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ప్రావిన్స్‌టౌన్ ప్లేహౌస్ అనే చిన్న నాటకశాలను తనే అద్దెకి తీసుకుని మూడు చిత్రాలు వేసింది. హాలు నిండి జనం బయట మిగిలిపోయారట. అది చూసిన అమోస్ వోగెల్ మర్నాటేడు "సినిమా 16" అనే ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. డెరెన్ రీళ్ళు పెట్టెలో పెట్టుకుని కాలేజీలకీ, మ్యూజియంలకీ తనే ఉత్తరాలు రాసి, తనే వెళ్ళి, తనే ఉపన్యాసం ఇచ్చి వేసుకునేది. పాత విద్యార్థి నాయకురాలి అలవాటు అక్కడ పనికొచ్చింది. 1946లోనే గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. సినిమా సృష్టికి ఆ ఫెలోషిప్ ఇవ్వడం అదే మొదలు. 1947లో కాన్ ఉత్సవంలో 16 మిల్లీమీటర్ల ప్రయోగాత్మక విభాగంలో "మెషెస్"కి బహుమతి వచ్చింది. అదే ఏడాది హమ్మిద్‌తో విడాకులు.

సినిమాలో కవిత్వం ఎక్కడుంటుందనేదానికి ఆవిడ చెప్పిన సిద్ధాంతం ఒకటుంది. కథ అడ్డంగా పోతుంది, కవిత్వం నిలువుగా దిగుతుంది అని దాని సారాంశం. వ్యవసాయం తెలిసినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. నాగలి చాలు పొలం ఈ గట్టునుంచి ఆ గట్టుకి పోతుంది, అది కథ. బావి తవ్వేవాడు ఉన్నచోటనే ఉండి లోపలికి పోతాడు, అది కవిత్వం. 1953 అక్టోబరులో సినిమా 16 పెట్టిన గోష్ఠిలో ఆవిడ ఈ సంగతి వివరిస్తే వెల్ష్ కవి డిలన్ థామస్ ఎగతాళి చేసి సభని నవ్వించాడు. సభ ఆయన వైపే ఉంది. కొద్దిరోజులకే ఆ కవి న్యూయార్క్‌లోనే చనిపోయాడు. నవ్వు ఆ సాయంత్రంతో పోయింది, బావి పోలిక మాత్రం సినిమా చదివే పిల్లలు ఇప్పటికీ పాఠంగా చదువుతున్నారు.

ఇక హైతీ. నా మటుకు నాకు ఈవిడ జీవితంలో అసలు ఘట్టం ఇదే. ఫెలోషిప్ డబ్బుతో 1947 సెప్టెంబరులో అక్కడికి వెళ్ళింది. ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చిన జనం ఫ్రెంచివాళ్ళని తరిమి 1804లో స్వతంత్ర దేశం చేసుకున్న చోటది. వాళ్ళ మతం వోడూ. హాలీవుడ్ దాన్ని చేతబడిగా, లేచి నడిచే శవాలుగా చూపించి డబ్బు చేసుకుంది. డెరెన్ వెళ్ళింది అందుకు కాదు. హైతీ ఆరాధనలూ, గ్రెగరీ బేట్సన్ బాలీ దీవిలో తీసిన పూనకాల ఫిల్మూ, పిల్లల ఆటలూ కలిపి ఒక పెద్ద చిత్రంగా అల్లాలని ప్రణాళిక వేసుకుంది.

అక్కడ ఆవిడ చూసినవి చదువుతుంటే పరాయిదేశంలా అనిపించదు. పూజకి ముందు నేలమీద పిండితో ముగ్గులు పెడతారు. వాటిని వెవేలంటారు, ఒక్కో దేవతకి ఒక్కోటి. మధ్యలో స్తంభం. డప్పులు. దరువు పట్టాక ఎవరిమీదికో దేవత వస్తుంది. దేవత రౌతు, మనిషి గుర్రం అంటారు వాళ్ళు. మా ఊరి జాతరలో దరువు మారగానే పసుపునీళ్ళతో తడిసి, వేపరొట్ట పట్టుకుని ఊగే మనిషి ఒంటిమీదికి అమ్మవారు వచ్చిందంటాం. మాట వేరు, సంగతి అదే.

చావు విషయంలో వాళ్ళ లెక్క ఇంకా విచిత్రం. మనిషి పోయాక ఆత్మ భూమికింది నీళ్ళలోకి దిగిపోతుంది. అక్కడ ఒక సంవత్సరం మీద ఒకరోజు ఉంటుంది. గడువు తీరాక బంధువులు ఖర్చుపెట్టుకుని పెద్ద క్రతువు చేసి ఆ ఆత్మని నీళ్ళలోంచి పైకి పిలిచి, గోవీ అనే మట్టికుండలో నిలుపుతారు. అప్పట్నుంచి అది ఇంటికి సలహా చెప్పే పెద్దదిక్కు. తరాలు గడిచి మనుషుల జ్ఞాపకం చెరిగేకొద్దీ ఆ పెద్దే దేవత అయిపోవచ్చు. పిలవకుండా వదిలేస్తే ఆ ఆత్మకి దిక్కుండదు. సంవత్సరీకం పెట్టేదాకా మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి నిద్రపట్టకపోవడం ఎందుకో నాకు ఇది చదివాక కొంత తెలిసింది. చావుకి అధిపతి గేడే అనే దేవుడు. నల్లటోపీ, నల్లకళ్ళద్దాలు, ఆబగా తినడం, బూతుజోకులు. యముడంటే దున్నపోతూ, గదా అనుకునే మనకి ఇదేం దేవుడ్రా అనిపిస్తుంది. కానీ శృంగారానికీ, పిల్లల రక్షణకీ కూడా ఆయనే దేవుడు. ప్రాణం పోయే గుమ్మమూ వచ్చే గుమ్మమూ ఒకటే అయినప్పుడు కాపలాదారు ఇద్దరెందుకు?

డెరెన్ చూస్తూ కూర్చోలేదు. ఏళ్ళ మీద చాలాసార్లు వెళ్ళి, వాళ్ళతో కలిసి తిరిగి, దీక్ష తీసుకుంది. నాట్యంలో దిగింది. ప్రేమదేవత ఎర్జులీ ఆవిడమీదికి వచ్చేదట. 1953లో జోసెఫ్ కాంప్‌బెల్ ప్రోత్సాహంతో "డివైన్ హార్స్‌మెన్" అనే పుస్తకం అచ్చయింది. దాని చివరి అధ్యాయంలో తన పూనకాన్ని వర్ణించింది. కాలు నేలకి పాతుకుపోయినట్టయి, కాలిలోంచి ఏదో తెల్లటి చీకటి ఎగబాకి తలకెక్కింది. అక్కడితో ఆపేసింది. మళ్ళీ మెలకువ వచ్చిన దగ్గర్నుంచే రాసింది. మధ్యలో తన ఒళ్ళు ఏం చేసిందో చూసినవాళ్ళు చెప్పగలరు గానీ తనకి తెలియదు కాబట్టి తను రాయలేదు. సైన్సు విద్యార్థిగా నన్ను పట్టుకున్నది ఇదే. పూనకం దొంగవేషం అని ఒకరు, హిస్టీరియా అని ఒకరు, అమ్మవారే అని ఒకరు, ముగ్గురూ ఎంతో ధీమాగా చెప్పేస్తారు. పరికరం పనిచేయని చోట కొలత రాయకూడదన్నది ల్యాబులో మనకి నేర్పే మొదటి పాఠం. ఈవిడ తన మనసునే పరికరంగా పెట్టి, అది పనిచేసినంతవరకే కొలత రాసింది. పరిశోధకుడు పూజలో పాల్గొంటే ఇక వాడి మాటకి విలువేముందని అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దూరంగా నిలబడ్డవాడికి ఆ తెల్లచీకటి అంచు ఎక్కడుందో కూడా తెలియదు కదా!

మరి సినిమా ఏమైంది? 18 వేల అడుగుల ఫిల్ము తీసింది. అడుగుకి 40 బొమ్మలు, సెకనుకి 24 చొప్పున లెక్కవేస్తే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. దాన్ని కూర్చనే లేదు. ఫెలోషిప్ ఇచ్చినవాళ్ళకి చూపించాల్సింది ఉంది, పేరు వచ్చే అవకాశం ఉంది, డబ్బు అవసరం మహాఉంది. అయినా పెట్టెలు విప్పలేదు. పుస్తకం ముందుమాటలో కారణం చెప్పుకుంది. ఒక కళాకారిణిగా ఆ ఆరాధనల్ని తన సొంత డిజైనుకి ముడిసరుకుగా వాడుకోవాలని వెళ్ళింది. అవి అప్పటికే సంపూర్ణంగా ఉన్నాయి, తను కత్తిరించి అతికించడానికి వీల్లేనంత నిజంగా ఉన్నాయి. అందుకని కళాకారిణిగా ఓడిపోయానని ఒప్పుకుని, చూసింది చూసినట్టు పుస్తకం రాసింది. అడుగుకీ అడుగుకీ మధ్య యుగాలు దూర్చగల కూర్పరి, కత్తెర కింద పెట్టేసింది. చావు గురించి ఊహించి తీసినంతకాలం స్వేచ్ఛగా తీసింది. నిజంగా చచ్చినవాళ్ళని పిలిచే జనం ఎదురయ్యాక చెయ్యి ఆడలేదు. ఆవిడ తీసిన ఆరింటికంటే తీయని ఈ ఒక్కటే గొప్పదని నాకు అనిపిస్తుంది. మా స్నేహితులు ఒప్పుకోరు. చేతకాక వదిలేసి పెద్దమాటలు చెప్పిందంటారు.

తర్వాతి సంవత్సరాలు ఇబ్బందిగా గడిచాయి. "ది వెరీ ఐ ఆఫ్ నైట్" అని ఇంకో చిత్రం, నర్తకులంతా నెగెటివ్‌లో నక్షత్రాల మధ్య తేలుతూ ఉండేది, 1958లో పూర్తయింది. తనకంటే బాగా చిన్నవాడైన సంగీతకారుడు తెయిజీ ఇతో ఆవిడకి తోడయ్యాడు. 1960లో పెళ్ళి చేసుకున్నారు. మాటా శబ్దమూ లేని "మెషెస్"కి 1959లో సంగీతం కట్టింది ఆయనే. సరైన తిండి లేదు, నిద్ర లేదు, ఓపిక తెప్పించే మందులు మింగుతూ పనిచేసేది. 1961 అక్టోబరు 13న మెదడులో రక్తస్రావమై చనిపోయింది. వోడూ దేవతలకి కోపం వచ్చి చంపేశారని పుకారు పుట్టింది, ఇప్పటికీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. తలలో రక్తనాళం చిట్లడానికి దేవతలు అక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఆకలీ, మందులూ చాలు. ఆస్తికులైనా నాస్తికులైనా ఈ ఒక్క విషయంలో డాక్టర్ల మాట వినడం మంచిది.

చితాభస్మం ఇతో జపాన్ తీసుకెళ్ళి ఫ్యూజీ పర్వతం మీద చల్లాడు. పెట్టెల్లో ఉన్న హైతీ ఫిల్ముని ఆయనా, ఆయన తర్వాతి భార్య చెరెలూ కలిసి కూర్చడం మొదలుపెట్టారు. ఇతో 1982లో హైతీలోనే గుండె ఆగి పోయాడు. 1985లో ఆ చిత్రం పుస్తకం పేరుతోనే బయటికొచ్చింది. యాభై నిమిషాల పైచిలుకు. డెరెన్ పుస్తకంలోంచి తీసిన వాక్యాలు వ్యాఖ్యానంగా వినిపిస్తూ ఉంటాయి. నా అభిప్రాయంలో ఆ గొంతు ఎక్కువైంది, డప్పుల్ని విననివ్వదు. ఆవిడ వద్దనుకున్న కత్తెర వేరేవాళ్ళు పట్టుకోవచ్చా అన్న అనుమానం బొమ్మ చూస్తున్నంతసేపూ పీకుతూనే ఉంటుంది. అయినా నెమ్మదిగా తీసిన కొన్ని నాట్యాల దగ్గర, ఒక స్త్రీ ఒంట్లోంచి తను తప్పుకుని ఇంకెవరో ప్రవేశించే ఆ క్షణం దగ్గర, అనుమానం పక్కకి పోతుంది. చెరెల్ ఆ పెట్టెలు విప్పకపోతే మనం దాన్ని చూసేవాళ్ళమే కాదు.

1990లో అమెరికా ప్రభుత్వం "మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్"ని జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చింది. ఆవిడ కాగితాలు బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కూర్చని హైతీ రీళ్ళు న్యూయార్క్‌లోని ఆంథాలజీ ఫిల్మ్ ఆర్కైవ్స్‌లో భద్రపరిచారు.